పోస్టుకార్డు వెనక వైపు కూడా స్కాన్ చేయాలి

సంపాదకుడికి,

బందరులోని డచ్చివాళ్ల సమాధులు, భీమిలిలో హాలండర్స్ గ్రీన్ అనే డచ్చి శ్మశానం లాంటి చోట్ల మరమ్మతుల మాట వచ్చినప్పుడల్లా నిధుల లెక్కే వింటున్నాం. పారా గునపం పట్టేముందు ఆ చోటు నూరేళ్ల కిందట ఎలా ఉండేదో చూసుకోవద్దా? మద్రాసు ప్రెసిడెన్సీలోని ముఖ్యమైన సమాధుల మీది రాతల్ని ఐ.సి.ఎస్. అధికారి జె.జె. కాటన్ 1905లోనే జాబితా వేశాడు. అందులో రాళ్ల మీది మాటలు దొరుకుతాయి. చుట్టూ గోడ ఎంత ఎత్తుండేదో, ఏ రాయి పక్కన ఏది ఉండేదో తెలియాలంటే బొమ్మ కావాలి. అలాంటి బొమ్మలకు మంచి ఆధారం ఆనాటి పోస్టుకార్డులు. మద్రాసు హిగ్గిన్‌బాథమ్స్ లాంటి కంపెనీలు, ఇంగ్లండులో చందాల కోసం మిషన్ సంఘాలు అచ్చువేయించినవే ఇందులో చాలా ఉన్నాయి.

రాళ్లు కదలవులే అనుకోవద్దు. చెన్నై కోటలో 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చి చుట్టూ పరిచిన సమాధి రాళ్ల కింద ఎవరూ లేరు. 1758-59లో మద్రాసును ముట్టడించినప్పుడు ఫ్రెంచి సైనికులు పాత శ్మశానంలోని సమాధుల చాటు తీసుకున్నారని, తర్వాత ఇంగ్లిషువాళ్లు వాటిని పడగొట్టి రాళ్లు ఇక్కడికి తెచ్చారు. వాటిలో 1652 నాటిది కూడా ఉంది!

ఇప్పుడు ఈ కార్డులు ఆన్‌లైన్ వేలంలో ఒక్కొక్కటిగా అమ్ముడై ఎవరెవరి ఆల్బమ్‌లలోకో పోతున్నాయి. అమ్మేవాళ్లు బొమ్మ వైపే ఫొటో పెడతారు. పనికొచ్చేది వెనకాల కూడా ఉంటుంది: తపాలా ముద్రలో తేదీ, ప్రచురణకర్త పేరు, పంపినవాళ్ల నాలుగు ముక్కలు. బ్రిటన్‌లో 1902 దాకా వెనక వైపు చిరునామా తప్ప ఏమీ రాయనిచ్చేవారు కాదు. ఆ ఏడాది నుంచే మధ్యలో గీత గీసి ఉత్తరానికి సగం వదిలారు. కాబట్టి ముద్ర చెరిగిపోయినా, అక్కడ అచ్చయిన కార్డు ఆ గీతను బట్టే సుమారు ఏ కాలానిదో చెప్పొచ్చు. రంగుల్ని మాత్రం నమ్మకండి. మన ఊరి మొహం చూడనివాళ్లు ఎక్కడో ప్రెస్సులో అద్దినవి అవి.

పురావస్తు శాఖ, రాష్ట్ర ఆర్కైవ్స్ కలిసి సేకర్తల దగ్గరున్న కార్డులను రెండు వైపులా స్కాన్ చేయించి, ఊరి పేరుతో అందరికీ ఉచితంగా కనిపించేలా పెట్టాలి. కొనక్కర్లేదు, కార్డు ఎవరిది వాళ్లకే తిరిగిచ్చేస్తే సరి. సొంతదారు పేరు కింద వేస్తామంటే చాలామంది ముందుకొస్తారు. బందరు, భీమిలితోనే మొదలుపెట్టమని మనవి.

– ఒక పాఠకుడు, మచిలీపట్నం