డిస్కును తప్పుపట్టే ముందు

గాజువాక,
విశాఖపట్నం.

చి. బుజ్జికి,

నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. తాతయ్య మోకాలి నొప్పి తగ్గింది. మొన్న రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పింది విన్నప్పటి నుంచీ నాకు అదే ధ్యాస. "మేం కోసిన బ్రేక్ డిస్కులన్నీ వెనక్కి వస్తున్నాయి నాన్నా, మావాళ్లేమో డిస్కుల సరుకే బాగోలేదంటున్నారు" అన్నావు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను, షెడ్డులో దగ్గర ఉంచుకో.

ఒక బండి డిస్కు వెనక్కి వస్తే డిస్కులో లోపం ఉందనుకోవచ్చు. రకరకాల కంపెనీల బండ్లు, అన్నీ అదే జబ్బుతో వస్తున్నాయంటే లోపం డిస్కును తిప్పుతూ కోసే మీ లేత్ మెషిన్‌లో ఉంది. బ్రేక్ లేత్‌లో వంకర ఉంటే ఎక్కించిన ప్రతి డిస్కుకీ ఆ వంకరే అంటుకుంటుంది. ఇది నేను డబ్బు పోగొట్టుకుని, ఒక మనిషి దగ్గర తల వంచుకుని నేర్చుకున్నాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు చిన్నదానివి. మన షెడ్డు రేకులు లేచిపోయాయి. లేత్ మీద ఆ వానంతా కురిసింది. చాలా రోజులు కరెంటు లేదు. మళ్లీ వచ్చేసరికి, డిస్కును ఎక్కించి తిప్పే షాఫ్టంతా ఎర్రగా తుప్పు. మన ఊళ్లో సముద్రపు గాలికి మామూలు రోజుల్లోనే ఇనుము నిలవదు, ఆ తడికి ఏం నిలుస్తుంది? బయట బండ్లు వరుస కట్టాయి. ఆ తొందరలో ఎమరీ పేపరు తీసుకుని, షాఫ్టు మెషిన్‌లోకి కూర్చునే టేపర్ భాగాన్ని, అంటే కొసకి సన్నబడే చోటుని, గట్టిగా రుద్దేశాను. తళతళలాడింది. బాగైపోయిందనుకున్నాను.

తర్వాత అరకు తిరిగే టాక్సీ ఒకటి వచ్చింది. ముందు డిస్కులు రెండూ కోసి ఇచ్చాను. రెండు నెలలకి తిరిగొచ్చాడు, ఘాట్ దిగుతుంటే పెడల్ కాలి కింద కొట్టుకుంటోందన్నాడు. మళ్లీ కోశాను. మళ్లీ వచ్చాడు. "నువ్వు దిగుడంతా బ్రేకు మీదే కాలు పెట్టి దిగుతావు, అందుకే డిస్కు వంగుతోంది" అని అతన్నే తిట్టాను. మూడోసారి మందం కొలిచే మైక్రోమీటర్ పెట్టి చూస్తే, డిస్కు మీద కంపెనీ కొట్టిన కనీస మందం దాకా వచ్చేసింది. ఇక కోయడానికి లేదు. అప్పుడు గానీ, వంకర ఎంతుందో ముల్లుతో చూపే డయల్ గేజ్ తీసి షాఫ్టుకి పెట్టలేదు. ముల్లు ఎనిమిది గీతలు ఊగింది, గీత అంటే 0.01 మి.మీ. చేత్తో ఎమరీ పట్టి రుద్దితే లోహం చుట్టూ సమానంగా పోదు, ఒక పక్క ఎక్కువ పోతుంది. నేను చేసింది అదే. అతనికి కొత్త డిస్కులు నా డబ్బుతో వేశాను, షాఫ్టు మార్చాను. పిల్లల్ని ఎక్కించుకుని ఆ బండి ఘాట్ దిగేదని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

షెడ్డు దాటేటప్పుడు బండి బాగానే ఉంటుంది, అదే దీనిలో మోసం. వంకర డిస్కు తిరుగుతున్నప్పుడు ప్రతి చుట్టులో ఒకే చోట బ్రేక్ ప్యాడ్‌కి తగులుతూ ఉంటుంది. కొన్ని వేల కిలోమీటర్లకి ఆ చోట అరిగి మందం తేడా వస్తుంది. అప్పుడు పెడల్ కొట్టుకుంటుంది. అప్పటికి లేత్‌ని ఎవరూ అనుమానించరు.

డయల్ గేజ్ దొరక్కపోయినా ఒక పరీక్ష ఉంది. లేత్ మీద డిస్కు ఎక్కించి, తిరుగుతుండగా కోసే టూల్ మొనను తాకీ తాకనట్టు ఆనించి ఒక గీత పెట్టు. వంకర ఉంటే గీత చుట్టూ పడదు, ఒక పక్కనే నెలవంకలా పడుతుంది. మెషిన్ ఆపు. నట్టు వదులు చేసి, షాఫ్టు కదలకుండా డిస్కును మాత్రం సగం చుట్టు తిప్పి బిగించు. మొదటి గీతకి కొంచెం లోపలగా రెండోది పెట్టు. రెండు నెలవంకలూ పక్కపక్కనే పడితే వంకర డిస్కుది. ఎదురెదురుగా పడితే షాఫ్టుదో, డిస్కును దాని మీద పట్టి ఉంచే కోన్‌లూ అడాప్టర్లదో. అప్పుడు అన్నీ విప్పి, గుడ్డతో తుడిచి, అంచుల మీద వేలు పోనిచ్చి చూడు. సుత్తి దెబ్బకి లేచిన చిన్న గరుకు ఉన్నా ఆయిల్ స్టోన్‌తో మెల్లగా తీసెయ్. ఎమరీ మాత్రం వద్దు. షాఫ్టు మీదా మెషిన్ మీదా గుర్తు గీతలుంటే, రెండూ కలిసేలా తిరిగి పెట్టు. ఆ తర్వాత డయల్‌తో చూస్తే రెండు గీతలు దాటకూడదు. దాటితే నేనైతే ఆ రోజు డిస్కు ముట్టుకోను. బండికి బిగించిన డిస్కుకి మామూలుగా అయిదు గీతలు, అంటే 0.05 మి.మీ. దాకా చూస్తారు. ఖచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్లో ఉంటుంది.

దసరాకి మెషిన్‌కి బొట్టు పెడుతూ నువ్వు షాఫ్టుకి కూడా పెడతానంటే చెయ్యి పట్టుకుని ఆపాను, గుర్తుందా? ఏడ్చావు కూడా. అక్కడ కుంకుమ రేణువు చిక్కినా డిస్కు వంకరగా కూర్చుంటుందమ్మా. డిస్కు మధ్య భాగం లోపల తుప్పు పొర ఉన్నా అంతే. గీకి శుభ్రం చేశాకే ఎక్కించు.

డిస్కు మీద చేప పొలుసుల్లా మచ్చలు పడుతున్నాయన్నావు. అది వేరే సంగతి, అది వణుకు. ముందు డిస్కు చుట్టూ వేసే రబ్బరు బెల్టు చూడు. వేస్తున్నారా, గట్టిపడి పగిలిపోయిందా? చాలా షెడ్లలో అది మేకుకి వేలాడుతూ ఉంటుంది. తర్వాత టూల్ బిట్ మూల విరిగిందేమో చూసి, మూడు మూలల్లో కొత్తది ముందుకి తిప్పు. అప్పటికీ పోకపోతే టూల్ చేతిని పట్టుకుని ఊపి చూడు. ఊగితే స్లైడ్ గిబ్ స్క్రూలు, అంటే టూల్ జరిగే పట్టాలో సందు సరిచేసే స్క్రూలు, వదులైనట్టు. ఆ ఊపు పోయేదాకా కొంచెం కొంచెంగా బిగించు, మరీ బిగిస్తే టూల్ జరగకుండా పట్టేస్తుంది.

డిస్కు కోస్తే రాలే బీడు ఇనుము రజను మెత్తగా ఉంటుంది గానీ సాన రాయిలా అరగదీస్తుంది. రోజూ సాయంత్రం బ్రష్‌తో దులిపి, స్లైడ్ తుడిచి, పల్చటి ఆయిల్ పట్టించు. ఎయిర్ గన్ కొట్టొద్దు. రజను బేరింగుల్లోకీ, ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. మాస్క్ పెట్టుకో. జడ ముడి వేసి, చున్నీ విప్పి బయట పెట్టాకే లేత్ దగ్గరికి వెళ్లు. ఈ ఒక్క మాట మాత్రం నా కోసం విను.

మీ పెద్ద మెకానిక్‌ని ఎదిరించినట్టు మాట్లాడకు. "గురువుగారూ, ఒకసారి షాఫ్టుకి డయల్ పెట్టి చూద్దామా" అని అడుగు. అనుభవం ఉన్నవాడు ముల్లు ఊగడం కళ్లారా చూస్తే వాదించడు.

ఎల్లుండి మీ పిన్ని వస్తోంది. నా డయల్ గేజ్, అయస్కాంతం స్టాండుతో సహా, టిఫిన్ డబ్బాలో గుడ్డ చుట్టి ఇస్తున్నాను. కింద పడనివ్వకు. షాఫ్టుకి పెట్టగానే ఎన్ని గీతలు ఊగిందో ఫోన్ చేసి చెప్పు, ఎంత రాత్రయినా సరే.

మీ నాన్న