సంచి సర్దుకునే ముందు

చిన్నీ,

నిన్న ఫోన్లో "క్లినిక్ మానేసి ఇళ్లకెళ్లి పాదాలు, గోళ్లు చూద్దామనుకుంటున్నానమ్మా" అని నువ్వన్నప్పుడు నేనేమీ మాట్లాడలేదు. నీకు కోపం వచ్చినట్టుంది, "సరేలే" అని పెట్టేశావు. నేను వద్దనలేదు. పదహారేళ్లు అదే పని చేసినదాన్ని, నిన్ను వద్దనడానికి నాకు నోరెలా వస్తుంది? ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం వస్తావని రాస్తున్నాను, అంతే.

ముందు నీ నడుము సంగతి. నవ్వకు. క్లినిక్‌లో మీట నొక్కితే కుర్చీ పైకి లేస్తుంది, పాదం నీ కళ్ల ముందుకొస్తుంది. ఇళ్లలో పాదం ఎక్కడుంటే నువ్వక్కడికి పోవాలి. ఒకాయన సోఫాలో కూరుకుపోయి ఉంటాడు, లేవమంటే ఆయన మోకాళ్లు ఒప్పుకోవు. ఇంకొకావిడ మంచం మీద ఉంటుంది, మంచానికీ బీరువాకీ మధ్య జానెడు జాగా. మొదటి రెండేళ్లు నేను నేల మీద గొంతుక్కూర్చుని చేశాను. ఇప్పుడు మెట్లు దిగుతుంటే నా మోకాళ్లు చేసే చప్పుడు నువ్వు రోజూ వినేదానివే. మడతపెట్టే చిన్న స్టూలు, వాళ్ల కాలు ఆనించడానికి ఎత్తు మార్చుకునే స్టాండు, నీ మోకాళ్ల కింద వేసుకునే మెత్త. ముందు ఈ మూడూ కొను, ఆ తర్వాతే గోళ్లు అరగదీసే డ్రిల్లు గురించి ఆలోచించు. తలకు కట్టుకునే లైటు కూడా కావాలి. ఇళ్లలో దీపాలు మనుషుల మొహాలు కనబడేలా ఉంటాయి, కాలివేళ్ల సందులు కనబడేలా ఉండవు.

డ్రిల్లంటే గుర్తొచ్చింది. దుమ్ము పీల్చే ఏర్పాటు లేని డ్రిల్లుతో ఎవరింట్లోనూ గోరు అరగదీయకు. ఫంగస్ పట్టిన గోటి పొడి వాళ్ల పక్క మీద పడుతుంది, నీ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. పొట్టేలు కొమ్ములా మెలితిరిగిన గోళ్లు నీకు ఇళ్లలోనే ఎక్కువ తగులుతాయి. వంగలేక, ఎవరినీ అడగలేక ఏళ్ల తరబడి వదిలేసినవాళ్లు వాళ్లే మరి. ఒక్కసారికే బాగైపోవాలని అడుగుతారు. కాలిగోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరే పెరుగుతుంది, బొటనవేలి గోరు మొదటినుంచి చివరిదాకా కొత్తగా రావాలంటే ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుందని మొదటిరోజే చెప్పేయి.

పనిముట్ల విషయంలో లెక్క సులువు. ఐదు ఇళ్లకు ఐదు సెట్లు, పైన ఇంకొకటి. ఆ ఆరోది ఎందుకంటే, గోళ్లు కత్తిరించే నిప్పర్ కచ్చితంగా ఎక్కడో ఒకచోట నేల మీద పడుతుంది. శుభ్రమైనవి పౌచ్‌లలో ఒకవైపు, వాడినవి మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఇంకోవైపు. బ్లేడ్లు వాటి డబ్బాలోకే. ఎంత ఆలస్యమైనా కారులో కూర్చుని స్పిరిట్‌తో తుడిచేసి పక్కింటికి పోవడం మాత్రం వద్దు. హెపటైటిస్ బీ వైరస్ ఎండిన రక్తపు చుక్కలో కనీసం 7 రోజులు బతికే ఉంటుంది. ఇంటికొచ్చాక ముందు బాగా కడుగు, మురికి ఉంటే ఆవిరి లోపలికి పోదు. ఆ తర్వాతే ఆవిరితో క్రిములు చంపే మిషన్, ఆటోక్లేవ్. 134 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు నిలవాలి అంటారు కానీ, వేడెక్కడం, ఆరడం కలుపుకుంటే రాత్రి తొమ్మిదింటికి నువ్వింకా ఆ మిషన్ పక్కనే కూర్చుని ఉంటావు. ఆ గంటకు నీకు డబ్బులిచ్చేవాళ్లు లేరు. ఫీజు పెట్టేటప్పుడు దాన్నీ, దారిలో పోయే సమయాన్నీ కలిపే పెట్టు. ఈ విషయంలో మీ అమ్మలా మొహమాటపడకు.

మొహమాటం ఇంకో రూపంలో కూడా వస్తుంది. నువ్వు గ్లవ్స్ తీసేశాక "అలాగే మా ఆయనవి కూడా ఒక చూపు చూడమ్మా" అంటారు. ఆయనకు షుగర్ ఉందో లేదో, రక్తం పల్చబడే మందు వేసుకుంటున్నాడో లేదో నీకు తెలియదు, సమయమూ లేదు. "ఆయనకు వేరే రోజు వస్తాను" అని నవ్వుతూ చెప్పడం నేర్చుకో. నాకది నేర్చుకోవడానికి నాలుగేళ్లు పట్టింది.

కొత్త ఇంటికి వెళ్లే ముందు ఫోన్లోనే అన్నీ అడుగు. ఏ మందులు వాడుతున్నారు, ఇంట్లో ఇంకెవరుంటారు, కుక్క ఉందా, బండి ఎక్కడ పెట్టుకోవాలి. లోపలికి వెళ్లే ముందు నాకు అడ్రస్ మెసేజ్ పెట్టు, బయటికొచ్చాక ఒక చుక్క పెట్టినా చాలు. అనుకున్న టైముకి అది రాకపోతే నేను ఫోన్ చేస్తాను. నీకూ తలుపుకీ మధ్య ఎవరూ, ఏదీ అడ్డం లేకుండా కూర్చో. ఒకచోట నేను సగం గోళ్లు తీసి, సంచి మూసుకుని లేచి వచ్చేశాను. ఎందుకో నీకు అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు. ఆ సగం గోళ్లకు మాత్రం నేనెప్పుడూ బాధపడలేదు.

ఇవన్నీ జాగ్రత్తగా ఉంటే దాటిపోయేవే. అసలు రాయాలనుకున్నది వేరే.

నువ్వు హాస్టల్లో ఉన్న రోజుల్లో ఒక పెద్దావిడ ఇంటికి ఆరు వారాలకొకసారి వెళ్లేదాన్ని. షుగర్ మనిషి, అరికాళ్లలో స్పర్శ దాదాపు లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు అన్నీ పద్ధతిగా చేశాను. పాదం పైనా, లోపలి చీలమండ వెనకా నాడి పట్టి చూశాను. స్పర్శ చూసే సన్నని నైలాన్ పోగు, ఆ 10 గ్రాముల మోనోఫిలమెంట్, వంగేదాకా ఆనించి "తెలుస్తోందా?" అని అడిగితే, ఆవిడ కళ్లు మూసుకునే "ఇంకా మొదలుపెట్టలేదా?" అంది. మేమిద్దరం బాగా కలిసిపోయాం. మూడో ఏడు వచ్చేసరికి నేనా ఇంటికి పనికి వెళ్తున్నట్టే ఉండేది కాదు. ఆవిడ నన్ను చూడగానే మనవడి కబుర్లు మొదలుపెట్టేది.

ఒకరోజు ఆవిడకన్నా ముందు వెళ్లిన ఇంట్లో ఆలస్యమైంది. ఈవిడకు జ్వరమొచ్చి రెండు వారాలుగా మంచం మీదే ఉందని కూతురు గుమ్మంలోనే చెప్పింది. నేను విన్నాను. ముందువైపు తెరిచి ఉండే మేజోళ్లు వేళ్లు కనబడేంత మాత్రం వెనక్కి లాగి, పాదాలు దిండు మీద ఎలా ఉన్నవి అలాగే ఉంచి, పది గోళ్లూ తీశాను. కబుర్లు చెప్పుకున్నాం, నవ్వుకున్నాం. ఐదో రోజు కూతురు ఫోన్ చేసింది. ఎడమ మడమ కింద నల్లగా, నాణెమంత మచ్చ, చుట్టూ చర్మం ఉబ్బి ఉందట. రెండు వారాలు ఆ మడమ ఒకే చోట ఆని ఉంది. నొప్పి తెలియని కాలు, ఆవిడ చెప్పలేదు. నేను చేత్తో ఎత్తి చూడలేదు.

మానడానికి ఏడు నెలలు పట్టింది. కాలు దక్కింది. ఆ ఇంట్లో ఎవరూ నన్నొక మాట అనలేదు. కానీ ఆ రాత్రి నేను నా రికార్డు తీసి చూశాను. ఆ రోజు తారీకు పక్కన నా చేతిరాతతోనే "రెండు పాదాలూ బాగున్నాయి, పుండ్లు లేవు" అని ఉంది. అంతకుముందు వరసలో, దాని ముందు వరసలో కూడా అదే మాట. చూసి రాసింది కాదు, చెయ్యి అలవాటుగా రాసుకుపోయింది.

క్లినిక్‌లో ఇది జరగదని కాదు. కానీ అక్కడ ఆ దీపం, ఆ కుర్చీ, పక్క గదిలో ఇంకో మనిషి ఉండటం, ఇవే నీకు పనిని గుర్తు చేస్తుంటాయి. ఇంట్లో నువ్వు చుట్టానివైపోతావు. ఆప్యాయంగా చూసే ఇళ్లలోనే నాకు తప్పు జరిగింది, చిరాకు పడే ఇళ్లలో ఒక్కసారీ జరగలేదు. కాబట్టి మేజోడు మొత్తం ఊడదీయి. మడమ అరచేతిలో పెట్టుకుని చూడు. వేళ్ల సందులు విడదీసి చూడు, చెప్పులో చెయ్యి పెట్టి తడుము. ఆ తర్వాతే నిప్పర్ పట్టుకో. రెండు నిమిషాల పని. నీ ఫారంలో "బాగుంది" అన్న గడి పెట్టుకోకు. ఎడమ మడమ, కుడి మడమ అని వేర్వేరుగా పెట్టుకుని, ఏం కనబడిందో ఆ మాటే రాయి.

ఇంకొకటి, బ్లేడు వాడకుండా పక్కన పెట్టేయడం. ఒకాయన ఆనెకాయ తీయమని పిలిచాడు. పట్టుకుంటే పాదం చల్లగా ఉంది, చర్మం మైనంలా మెరుస్తోంది, రెండు చోట్లా నాడి అందలేదు. తీయనన్నాను. ఇంత దూరం వచ్చి గోకడానికి కూడా చేతకాదా అన్నాడు. రక్తం అందని కాలికి బ్లేడు గీత పడితే అది మానదని చెప్పి, ఆ రోజే డాక్టర్ని కలవమని కాగితం మీద రాసిచ్చాను. డబ్బులివ్వలేదు. అలాంటివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఆనెల మీద మందు పట్టీలు కూడా అంటించుకుని ఉంటారు, అందులోని ఆసిడ్ మంచి చర్మాన్నీ తినేస్తుంది. అది తీయించు. స్పర్శ లేని పాదం ఒకటి రెండోదానికన్నా వేడిగా, ఎర్రగా వాచి ఉంటే, నొప్పి లేదన్నా సరే, నడవనివ్వకుండా ఆ రోజే పంపించు. లోపల ఎముకలు విరుగుతూ ఉండొచ్చు. ఇలాంటప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబర్లు ముందే రాసిపెట్టుకో. అడగడానికి పక్క గది ఉండదు.

లైటు బల్బు మార్చమంటారు, వచ్చిన ఉత్తరం చదివి పెట్టమంటారు. చదివి పెట్టు. కుర్చీ మాత్రం ఎక్కకు.

శనివారం వస్తే నా స్టూలు తీసుకెళ్లు. ఒక కాలికి రబ్బరు ఊడిపోయింది, వేయించుకోవాలి.

అమ్మ