గంజాయిపై స్థానిక పన్ను: లోటు నిజమే, పూడ్చే దారి అది కాదు

సంపాదక మహాశయులకు,

ఒరెగాన్ రాష్ట్రంలో గంజాయి చిల్లర అమ్మకాలపై నగరాలు, కౌంటీలు తమ ఓటర్ల అనుమతితో వేసుకునే పన్ను 3 శాతం మించకూడదన్న పరిమితిని 10 శాతానికి పెంచాలని స్థానిక సంస్థలు కొన్నేళ్లుగా అడుగుతున్నాయి. మన తెలుగువారిలో ఆ దుకాణాల గడప తొక్కేవారు కొద్దిమందే కావచ్చు. దేశ ఫెడరల్ చట్టం ప్రకారం గంజాయి ఇంకా నిషిద్ధమే కనుక, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూసేవారైతే తొక్కకపోవడమే క్షేమం. అయినా పౌరసత్వం వచ్చినవారి ముందుకు ఇది బ్యాలెట్‌పై వచ్చే విషయం కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నగరాల లోటు నిజమే. 2014లో గంజాయిని చట్టబద్ధం చేసే మెజర్ 91ను (ఓటర్ల ముందు పెట్టిన ప్రతిపాదనను) ప్రజలు ఆమోదించిన తర్వాత రాష్ట్రం 17 శాతం పన్ను వేసి, వచ్చిన దానిలో 40 శాతం బడులకు, 10 శాతం నగరాలకు, మరో 10 శాతం కౌంటీలకు పంచేది. 2020లో మాదకద్రవ్యాలపై అలాంటిదే మరో ప్రతిపాదన, మెజర్ 110, గెలిచాక ఆ పంపకం త్రైమాసికానికి 1.125 కోట్ల డాలర్ల దగ్గర ఆగి, మిగతాదంతా మాదకద్రవ్య వ్యసన చికిత్స నిధికి మళ్లింది. దానికితోడు పంట అవసరానికి మించి పండి, చట్టబద్ధంగా పక్క రాష్ట్రాలకు అమ్మే దారి లేక ధర పడిపోయింది. ధరపై శాతంగా వేసే పన్ను కూడా దానితోపాటే పడింది.

అయితే ఆ లోటును కొనుగోలుదారు బిల్లు మీద పూడ్చుకోవాలనడం నాకు సరిగా తోచడం లేదు. ఇప్పుడు రాష్ట్ర, స్థానిక పన్నులు రెండూ కలిపి 20 శాతం దాకా ఉన్న భారం 27కు చేరవచ్చు. పరిమితి అంటే గరిష్ఠమే కదా, అందరూ అంత వేయరని కొందరంటారు. ఖజానా ఖాళీగా ఉన్న కౌన్సిల్ 4 శాతం దగ్గర ఆగుతుందని నేను నమ్మను. లైసెన్సు లేకుండా అమ్మేవాడు పన్ను కట్టడు, వయసు అడగడు, సరుకును పరీక్ష చేయించడు. దుకాణం ధరకూ అతని ధరకూ తేడా పెరిగిన కొద్దీ బేరం అతనివైపే మొగ్గుతుంది. కాలిఫోర్నియా 2025 జులైలో తన ఎక్సైజ్ పన్నును 15 నుంచి 19 శాతానికి పెంచి, అక్టోబరులోనే మళ్లీ 15కు దించుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మేలో రెండు రోజుల్లో మద్యం ధరలు 75 శాతం పెరిగినప్పుడు తెలంగాణ నుంచి సీసాలు ఎలా సరిహద్దు దాటాయో, అక్రమ రవాణాను అడ్డుకోవడానికి ప్రత్యేక విభాగమే పెట్టవలసి వచ్చిన సంగతి, ఆ సెప్టెంబరులో కొన్ని రకాల ధరలు తగ్గించిన సంగతి మనవాళ్లు మరిచిపోయి ఉండరు.

ఒరెగాన్ తూర్పు సరిహద్దులోని ఆంటారియో పట్టణానిది వేరే కథ. గంజాయి పూర్తిగా నిషిద్ధమైన ఐడహో రాష్ట్రం దాని పక్కనే ఉంది. అటునుంచి వచ్చేవారికి చట్టబద్ధమైన దుకాణం ఇంత దగ్గరలో మరొకటి లేదు కనుక అక్కడ ఎక్కువ పన్ను నిలవవచ్చు. ఆ ఒక్క ఊరి లెక్కను పోర్ట్‌లాండ్‌కు వర్తింపజేయలేం.

మెజర్ 110లో స్వల్ప పరిమాణంలో మాదకద్రవ్యాలు కలిగి ఉండటాన్ని నేరం కాదన్న భాగాన్ని శాసనసభ 2024లో వెనక్కి తీసుకుంది గానీ, ఆదాయం పంపకాన్ని మాత్రం పాత పద్ధతికి తేలేదు. చికిత్సకు వెళ్లే నిధికి గండి పడకుండానే, రాబడి పెరిగిన సంవత్సరాల్లో ఆ అదనపు మొత్తం నుంచి నగరాలకు, కౌంటీలకు వాటా పెంచే సవరణను మన ప్రతినిధులు ముందు తేవాలి. అది తేలేదాకా స్థానిక పన్నును 5 శాతం దాటనివ్వకూడదని నా అభిప్రాయం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హిల్స్‌బోరో, ఒరెగాన్