కార్యదర్శి వార్షిక నివేదిక – 2024

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన ఖగోళ సంఘం రాత్రి ఆకాశం కన్నా పగటి ఆకాశానికే ఎక్కువ సమయం ఇచ్చింది. సుమారు పదకొండేళ్లకు ఒకసారి సూర్యుడి మీద మచ్చలు బాగా పెరుగుతాయి. ఇప్పుడు ఆ దశ నడుస్తోందని అక్టోబరులో నాసా ప్రకటించింది. మళ్లీ ఇలాంటి కాలం రావాలంటే పదేళ్లు ఆగాలి కాబట్టి, వీలైన ప్రతి ఉదయమూ మచ్చల బొమ్మ గీయాలని కార్యవర్గం సంవత్సరం మొదట్లోనే తీర్మానించింది.

మూడంగుళాల దూరదర్శిని నుంచి వచ్చే వెలుగును మేడ మీద తెల్లకాగితంపై పట్టి గీశాం. దూరదర్శినిలోంచి నేరుగా ఎవరినీ చూడనివ్వలేదు. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి రెండు నిమిషాల్లో సూర్యబింబం తన వెడల్పంత పక్కకు జరిగిపోతుంది. ఒకరు గొట్టాన్ని మెల్లగా జరుపుతుంటే మరొకరు ముందు నడిమి నల్లభాగాన్ని, తర్వాత దాని చుట్టూ ఉన్న బూడిదరంగు అంచును గీయాలి. మే నెలలో 3664 సంఖ్యగల మచ్చల గుంపును మన పిల్లలు గీసిన కాగితాలు చూడండి. భూమికి దాదాపు పదిహేను రెట్లు వెడల్పున్న గుంపు అది. మే 10, 11 తేదీల్లో లద్దాఖ్‌లోని హాన్లేలో రాత్రి ఆకాశం ధ్రువకాంతితో ఎర్రబడింది దాన్నుంచి వచ్చిన సౌర తుఫాను వల్లే.

నెలవారీ ప్రసంగాల్లో అన్నిటికన్నా విలువైనదిగా నాకు తోచింది మచ్చల దగ్గర పుట్టే అయస్కాంత తరంగాల మీద జరిగినది. మచ్చలు బలమైన అయస్కాంత క్షేత్రాలని 1908లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎలరీ హేల్ వర్ణపటం (రంగులుగా విడదీసిన వెలుగు) సాయంతో కనుగొన్నారు. మచ్చ నడుమ ఆ క్షేత్రం భూమి క్షేత్రానికి కొన్ని వేల రెట్లు ఉంటుంది. అక్కడ బలరేఖలు (క్షేత్రం దిశను చూపే ఊహారేఖలు) దాదాపు నిటారుగా, బిగించి కట్టిన తాళ్లలా నిలబడతాయి. అడుగున వాయువు కదిలితే ఆ కదలిక తాడు వెంట పైకి పాకుతుందని స్వీడన్ శాస్త్రవేత్త హానెస్ ఆల్వెన్ 1942లో లెక్కగట్టి చెప్పారు. 1970లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

వక్త కొబ్బరితాడు ఒక కొసను స్తంభానికి కట్టి, రెండో కొసను ఏడో తరగతి పాప చేతికిచ్చారు. తాడు వదులుగా ఉన్నప్పుడు అల నెమ్మదిగా పోయింది, బిగించి ఊపితే చటుక్కున స్తంభాన్ని తాకింది. క్షేత్రం బలంగా, వాయువు పలచగా ఉన్నచోట తరంగ వేగం పెరుగుతుందన్న సంగతి అందరికీ అక్కడే అర్థమైంది.

ఈ ఆల్వెన్ తరంగాలను పట్టుకోవడం కష్టం. అవి వాయువును నొక్కవు, అటూ ఇటూ ఊపుతాయి, మెలిపెడతాయి. అందువల్ల వెలుగులో హెచ్చుతగ్గుల కన్నా వర్ణపట రేఖల స్వల్పమైన జరుగుబాటునే ఎక్కువగా నమ్ముకోవాలి. ధ్వనిని పోలిన మరో రకం తరంగాలు మాత్రం మచ్చ నల్లభాగంపై సుమారు మూడు నిమిషాలకొకసారి మెరుపులు పుట్టిస్తాయి. అంటే మనం పావుగంటలో ఒక మచ్చ గీస్తే, ఈలోగా అక్కడ అయిదుసార్లు అల వచ్చి పోయి ఉండవచ్చు. న్యూమెక్సికోలోని డన్ సౌర దూరదర్శినితో ఒక పెద్ద మచ్చను గమనించి, ఆల్వెన్ తరంగాలు సూర్యుడి ఉపరితలానికి పైపొర అయిన క్రోమోస్ఫియర్‌లో హఠాత్తుగా ఒత్తిడి పెంచే ఆఘాత తరంగాలుగా మారి చుట్టుపక్కల ప్లాస్మాను (విద్యుదావేశం గల వాయువును) వేడెక్కిస్తున్నాయని బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయం నాయకత్వంలోని బృందం 2018లో ప్రకటించింది. ఉపరితలం 5,500 డిగ్రీలుంటే పైనున్న వెలుపలి వాతావరణమైన కరోనా పది లక్షల డిగ్రీలు ఎందుకు దాటుతుందన్న పాత ప్రశ్నకు ఇది ఒక ముఖ్యమైన ఆధారం.

మన పరికరానికి ఈ తరంగాలు అందవు. ప్రదర్శనలకు వచ్చినవారికి ఆ మాట ముందే చెబుతున్నాం. సూర్యుణ్ని పరిశీలించడానికి శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో నౌక ఆదిత్య–ఎల్1 జనవరి 6న తన కక్ష్యకు చేరిన సందర్భంగా పెట్టిన సభకు హాలు సరిపోలేదు. ఆగస్టు 18న, 1868 సూర్యగ్రహణాన్ని గుంటూరులో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ పరిశీలించిన చరిత్రను గుర్తుచేసుకున్నాం.

జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. జూలై, ఆగస్టు నెలల్లో మబ్బుల వల్ల మచ్చల బొమ్మల పుస్తకంలో చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఆ రోజుల్లో వేరే ఊళ్లో ఉండి బొమ్మ గీసిన సభ్యులెవరైనా ఉంటే, తేదీ, సమయం వేసి కాగితాన్ని నాకు అందజేయండి.

– కార్యదర్శి