పాటలో కాళ్ళు కూడా కనిపించనివ్వండి

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో ఆ కొత్త మ్యూజికల్, అంటే పాటలూ డాన్సులతోనే కథ నడిపే సినిమా, మీద వచ్చిన వ్యాసం చదవగానే రాయబోయాను. కోపం చల్లారాక రాస్తే మర్యాదగా ఉంటుందని ఆగాను. ఇన్ని రోజులైనా చల్లారలేదు కనుక ఇక ఆగి లాభం లేదు.

"ఊపిరి తీసుకోనివ్వని ఎడిటింగ్" అని మీ విమర్శకులు మెచ్చుకున్నారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పాటల్లో ఏం జరుగుతోందో కంటికి ఆనడం లేదని గొణిగేవాళ్ళంతా కాలంతో నడవలేని పాతకాలపు మనుషులని ఒక చురక కూడా అంటించారు. సరే, నేను పాతకాలపు మనిషినే అనుకుందాం. హాల్లో నా పక్క సీట్లలో కూర్చున్న కాలేజీ పిల్లలు రెండో పాటకే ఫోన్లు తీశారు. మరి ఆ పిల్లలది ఏ కాలమో మీ విమర్శకులే సెలవివ్వాలి.

ఆ రెండో పాట సంగతే చూడండి. నాయిక మెట్ల మీద గిర్రున తిరుగుతూ దిగడం మొదలుపెడుతుంది. ఒక చుట్టు పూర్తికాకుండానే కట్, ఇంకో షాట్. చెప్పు మడమ. కట్. ఎగిరే గౌను అంచు. కట్. చప్పట్లు కొట్టే జనం. కట్. పైకప్పు మీంచి ఒక షాట్, ఎవరి కోసమో తెలీదు. కట్. మళ్ళీ ఆవిడ మొహం. అప్పటికి మెట్లు దిగిపోయి కింద నవ్వుతూ నిలబడి ఉంది. ఎలా దిగిందో ఆ దేవుడికీ, ఎడిటర్‌కీ తెలియాలి. పాపం ఆ డాన్స్ మాస్టర్ ఆ మెట్ల మీద ఎన్నాళ్ళు కుస్తీ పట్టాడో! తెర మీద మిగిలింది మడమా, గౌను అంచూనూ.

ఇద్దరు మాట్లాడుకునే సీన్లో ఎన్ని కట్లు పడినా పెద్ద నష్టం ఉండదు. మాట ఒకరిది, మొహం ఇంకొకరిది, మధ్య అతుకు మనమే వేసుకుంటాం. డాన్స్‌లో ఆ అతుకు మనం వేసుకోలేం. ఒక అడుగులోంచి ఇంకో అడుగు ఎలా పుట్టిందో, ఒంటి బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి ఎప్పుడు మారిందో, చెయ్యి తాళాన్ని ఎక్కడ అందుకుందో, ఇవన్నీ తల నుంచి పాదం దాకా ఒకే ఫ్రేములో ఒకే బిగిన కనిపిస్తేనే మన ఒంట్లో కూడా ఆ ఊపు పుడుతుంది. కుర్చీలో కూర్చున్నవాడి కాలు తనకు తెలియకుండా తాళం వేసేది అప్పుడే. షాట్ మారినప్పుడల్లా ఇప్పుడు ఎటు చూడాలో కన్ను కొత్తగా వెతుక్కోవాలి. చూపు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మళ్ళడానికే దాదాపు సెకనులో ఐదో వంతు పడుతుంది. షాటే ఒక సెకను ఉంటే అందులో వెతుకులాటకు ఎంత పోయింది, ఆనందానికి ఎంత మిగిలింది? పైగా పరాయి భాష మ్యూజికల్ అయితే కింద సబ్‌టైటిల్ చదువుకోవాలి. పాటలో ఒక పాదం చదివి తలెత్తేసరికి నాలుగు షాట్లు దాటిపోయి ఉంటాయి. సాహిత్యం కావాలా, నాట్యం కావాలా తేల్చుకోమంటారు. రెండింటికీ కలిపే కదా టికెట్ కొన్నాం.

ఇదంతా నా చాదస్తం అనుకునేవాళ్ళ కోసం ఒక లెక్క. సినిమా చరిత్రకారుడు డేవిడ్ బోర్డ్‌వెల్ చెప్పిన ప్రకారం 1930 నుంచి 1960 దాకా హాలీవుడ్ సినిమాల్లో చాలావాటిలో ఒక షాట్ సగటున 8 నుంచి 11 సెకన్లు నిలిచేది. ఆ శతాబ్దం ముగిసేసరికి అది 3 నుంచి 6 సెకన్లకు పడిపోయింది. 2001లో వచ్చిన 'ములాన్ రూజ్' అనే మ్యూజికల్ అయితే 2 సెకన్ల చుట్టుపక్కలే ఉంటుంది. 1981లో అమెరికాలో ఎంటీవీ అనే పాటల చానెల్ మొదలై పాటల వీడియోలకు మన కళ్ళను అలవాటు చేసింది. తర్వాత కంప్యూటర్ ఎడిటింగ్ వచ్చింది. ఫిల్మును నిజంగానే కోసి టేపుతో అతికించాల్సిన రోజుల్లో ప్రతి కట్‌కూ ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు. ఇప్పుడు మీట నొక్కితే కట్, ఇంకో మీట నొక్కితే ఎప్పట్లాగే. చెయ్యి ఊరుకోదు కదా.

అసలు కారణం వేరే ఉందని నా అనుమానం. హీరోకు డాన్స్ రాకపోతే ఒకప్పుడు నేర్పించేవారు. ఇప్పుడు ఎడిటింగ్ గదిలో నెట్టుకొస్తున్నారు. చుట్టూ కెమెరాలు పెట్టి, వచ్చిన నాలుగు స్టెప్పులూ వేయించి, కాళ్ళ క్లోజప్ డూపుతో లాగించి, అన్నీ పేకముక్కల్లా కలిపేస్తే డాన్స్ వచ్చినట్టే ఉంటుంది. దాన్నే మనవాళ్ళు ఎనర్జీ అంటున్నారు.

పాత హాలీవుడ్ డాన్స్ హీరో ఫ్రెడ్ ఆస్టేర్ తన డాన్సులో మనిషంతా కనిపించాలని, కట్లు వీలైనంత తక్కువ ఉండాలని పట్టుబట్టేవాడు. 1936 నాటి 'స్వింగ్ టైమ్' చివరి నృత్యానికి 40కి పైగా టేకులయ్యాయని, ఆయన జోడీ జింజర్ రోజర్స్ పాదాలు రక్తం కారాయని చెబుతారు. అంత హింస పడమని నేను ఎవరినీ అడగను. కానీ ఎక్కడో అడుగు తప్పితే దాచుకునే చాటు వాళ్ళకు లేదు, అందుకే నేర్చుకుని వచ్చారు. అంత దూరం ఎందుకు, 'నాటు నాటు' స్టెప్పును ఏ దేశంలో పడితే ఆ దేశంలో జనం వేసి చూపించారు. ఎలా వేయగలిగారు? భుజాల మీద చేతులు వేసుకున్న ఇద్దరి కాళ్ళూ నేల దాకా కనిపించాయి కాబట్టి. 2023లో ఆ పాటకు ఆస్కార్ వస్తే గర్వపడిన మీ పత్రికే, కాళ్ళు కనిపించని పాటను ఈరోజు ఆకాశానికెత్తుతోంది.

వేగమంటేనే నాకు గిట్టదని మీ విమర్శకులు అనుకోవచ్చు. బాబ్ ఫాసీ 1972లో తీసిన 'కాబరే' అనే మ్యూజికల్‌లో కట్లకు తక్కువేం లేదు. దానికి ఎడిటింగ్ ఆస్కార్ కూడా వచ్చింది, రావాల్సిందే. స్టేజీ మీద పాట నడుస్తుండగా బయటి లోకంలో జరిగే ఘోరానికి కట్ పడితే, ఆ కట్‌కు ఒక అర్థం ఉంది. 'ములాన్ రూజ్'నే తీసుకున్నా, అక్కడ తల తిరగడమే దర్శకుడి ఉద్దేశం. నాకు తలనొప్పి వచ్చిన మాట నిజమే గాని, ఎందుకు తెప్పించాడో అర్థమైంది. ఇంకో ముచ్చట. టామ్ క్రాస్ అనే ఎడిటర్ 'విప్‌లాష్' అనే సినిమాలో డ్రమ్ముల మీద దెబ్బకో కట్ వేసి ఆస్కార్ తీసుకున్నాడు. ఆయనే, అదే దర్శకుడికి, 2016లో 'లా లా ల్యాండ్' అనే మ్యూజికల్ చేశాడు. కొండ మీద సంధ్యవేళ నాయికా నాయకులు చేసే డాన్స్ అందులో ఒకే టేకు. ఆ ఇద్దరూ డాన్సులో ఉద్దండులేం కారు, అక్కడక్కడా తడబాటు తెలుస్తూనే ఉంటుంది. ఆ తడబాటుతోనే వాళ్ళు మనవాళ్ళవుతారు. కత్తెర పెట్టాల్సిన చోట పెట్టి, పెట్టకూడని చోట చేతులు కట్టుకుని కూర్చోవడం ఒకే మనిషికి తెలిసింది చూడండి.

అవార్డులిచ్చే పెద్దలకు మాత్రం ఇది తలకెక్కదు. ఉత్తమ ఎడిటింగ్ అంటే ఎక్కువ ఎడిటింగ్ అని వాళ్ళ లెక్క కాబోలు. 'బొహీమియన్ రాప్సడీ'కి 2019లో ఎడిటింగ్ ఆస్కార్ ఇచ్చారు. క్వీన్ అనే రాక్ బృందం కథ అది. అందులో ఆ బృందం ఆరుబయట బల్ల చుట్టూ కూర్చుని మేనేజర్‌తో మాట్లాడే సీన్ ఒకటుంది. అన్ని కట్లు ఎందుకో ఎవరికీ అంతుపట్టక లోకమంతా నవ్వుకుంది. ఆ సీన్ తనకే రుచించలేదని చివరికి ఆ ఎడిటరే ఇంటర్వ్యూలో చెప్పుకున్నాడు. పనిచేసినవాడికి తెలిసిన లోపం బహుమతి ఇచ్చినవాళ్ళకు తెలియకపోతే ఇక ఏం చెప్పాలి! ఇక సర్టిఫికెట్లిచ్చే బోర్డులున్నాయి. బూతు ఎంత, రక్తం ఎంత అని కొలతబద్దతో కూర్చుంటారు. కళ్ళు తిరిగే సినిమాకు ఒక ముక్క హెచ్చరిక వేయించాలని మాత్రం తోచదు.

టీవీవాళ్ళ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. డాన్స్ పోటీ అని పేరు. చిన్నపిల్ల ప్రాణం పెట్టి గాల్లోకి ఎగురుతుంది. సరిగ్గా అదే క్షణంలో నోరు తెరిచిన జడ్జి మొహం చూపిస్తారు. ఆ పిల్ల దిగాక మళ్ళీ స్టేజీ. ఎగరడం మనం చూడలేదు, జడ్జి గారు చూశారట, ఆయన ఆశ్చర్యాన్ని చూసి మనం సంతోషించాలి. వెంటనే ఆ పిల్ల తల్లి కన్నీళ్ళు, తర్వాత ఇంకో జడ్జి గారి చప్పట్లు. ఇలాంటివి చూసి పెరిగినవాళ్ళే రేపు సినిమాలు కోసేది. పాటను మొదలు నుంచి చివరిదాకా కూర్చుని చూసే ఓపిక జనానికి లేదని వాళ్ళే అంటారు. ఓపికను ముక్కలు చేసినవాళ్ళూ వాళ్ళే.

మీ విమర్శకులు వచ్చే ఆదివారం ఇంకో మ్యూజికల్ గురించి రాస్తారని మీ ప్రకటనలో చూశాను. ఊపిరి తీసుకోనిచ్చిందో లేదో మేం చూసుకుంటాం. నాయకుడూ నాయికా కనీసం ఒక్క పాటలోనైనా నడుము కింద కూడా ఉన్నారా, ఒక స్టెప్పు మొదలుపెట్టి పూర్తి చేశారా, ఆ ఒక్క సంగతి రాయమని మనవి. దాన్ని బట్టి టికెట్ కొనాలో వద్దో నిర్ణయించుకుంటాను.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకురాలు