చుక్కలు చూసి మగచేప అనుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో అక్వేరియం చేపల పెంపకంపై వచ్చిన వ్యాసంలో, నోట్లో గుడ్లు పొదిగే సిక్లిడ్ చేపలకు పొట్ట కింద, తోకకు ముందుండే రెక్క మీద పసుపు చుక్కలు ఉంటే మగది, లేకుంటే ఆడది అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ వాక్యాన్ని నమ్మి చేపలు కొన్నవారు నష్టపోతారు, వారికన్నా ఎక్కువగా ఆ చేపలు బాధపడతాయి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ చుక్కలకు ఒక పని ఉన్న మాట నిజమే. ఆఫ్రికాలోని మలావి సరస్సుకు చెందిన ఈ చేపల్లో ఆడది గుడ్డు పెట్టిన మరుక్షణమే దాన్ని నోట్లోకి తీసుకుంటుంది. మగచేప రెక్క మీది చుక్కలను కూడా గుడ్లే అనుకొని అందుకోబోయినప్పుడు మగచేప వదిలిన వీర్యం దాని నోట్లోకి చేరి గుడ్లు ఫలదీకరణ చెందుతాయని వోల్ఫ్‌గాంగ్ విక్లర్ అనే శాస్త్రవేత్త 1962లో ప్రతిపాదించారు. అయితే చాలా జాతుల్లో ఆడవాటికీ ఈ చుక్కలు ఉంటాయి. కాకపోతే సాధారణంగా కొంత మసకగా, తక్కువగా ఉంటాయి. మా ఇంట్లో ఉన్న ఎల్లో ల్యాబ్ అనే ఈ రకం చేపకు రెండు చుక్కలున్నాయి, అది ఇప్పటికి మూడుసార్లు నోటి నుంచి పిల్లలను వదిలింది.

రంగును నమ్ముకోవడం కూడా అంతే ప్రమాదం. మూడేళ్ల కిందట తిరుపతిలోని ఒక దుకాణంలో నేను ఇదే సరస్సుకు చెందిన కెన్యీ అనే రకం చేపలు ఆరు కొన్నాను. పసుపుగా ఉన్నది మగది, నీలంగా ఉన్న ఐదూ ఆడవి అని చెప్పి ఇచ్చారు. ఎదిగిన చేపల విషయంలో ఆ మాట సరైనదే కానీ, ఈ జాతిలో పిల్లలన్నీ నీలంగానే పుడతాయని, మగవి పెరిగేకొద్దీ పసుపుకు మారతాయని అప్పుడు నాకు తెలియదు. కొన్ని నెలల్లో ఆ నీలం చేపల్లో మూడు పసుపురంగుకు తిరిగాయి. ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి ఉండాల్సిన నాలుగడుగుల తొట్టిలో నాలుగు మగవి, రెండు ఆడవి మిగిలాయి. నోటినిండా గుడ్లు పట్టుకొని, మేత ముట్టకుండా మూలన నక్కిన ఆడచేపను అవి తరిమి తరిమి చంపేశాయి. ఆ ఉదయం నేను ఇప్పటికీ మరచిపోలేదు.

కాబట్టి చూడవలసింది చేప అడుగుభాగం. రెండున్నర అంగుళాలు దాటిన చేపను తడిచేసిన చేతిలో కొన్ని క్షణాలు వెల్లకిలా పట్టుకుంటే, చుక్కలుండే ఆ రెక్కకు ముందు రెండు రంధ్రాలు కనిపిస్తాయి. తలవైపు ఉన్నది మలద్వారం, తోకవైపు ఉన్నది జననరంధ్రం. మగదానికి రెండూ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. గుడ్లు బయటికి రావాలి కనుక ఆడదానికి వెనుకది స్పష్టంగా పెద్దదిగా ఉంటుంది. ఒక్క చేపను చూస్తే తేడా తెలియదు, నాలుగైదింటిని పక్కపక్కన పోల్చి చూడాలి. ఫోనుతో ఫొటో తీసి వెంటనే నీళ్లలో వదిలేసి, తరువాత తీరికగా చూసుకోవడం చేపకు మేలు.

ఇది మన చెరువులకు కొత్త విద్య కాదు. మన జిల్లాలో జిలేబి అని పిలిచే తిలాపియా కూడా సిక్లిడ్ కుటుంబానిదే, మొజాంబిక్ తిలాపియాలో ఆడదే పిల్లలను నోట్లో దాచుకుంటుంది. మగ తిలాపియాలను మాత్రమే వేరుచేసి పెంచేవారు ఈ భాగాన్నే పరీక్షిస్తారు, రంధ్రాలు స్పష్టంగా కనబడటానికి కొందరు అక్కడ కాస్త సిరా కూడా పూస్తారు. అయితే నోట్లో గుడ్లున్నది ఆడదేనని అన్ని జాతులకూ అన్వయించకూడదు. పశ్చిమ ఆఫ్రికాకు చెందిన నల్లగడ్డం తిలాపియాలో గుడ్లు మోసేది మగచేప.

ఈ శీర్షిక కింద రాబోయే వ్యాసంలో ఆడ, మగ చేపల అడుగుభాగం బొమ్మలను పక్కపక్కన ముద్రించవలసిందిగా కోరుతున్నాను. దుకాణానికి వెళ్లే పిల్లలు ఆ ముక్కను కత్తిరించి జేబులో పెట్టుకోగలిగేంత చిన్నదైనా చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
కొర్లగుంట, తిరుపతి