మైనంతో తెరుచుకున్న కిటికీ

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ సూరీ,

ముందు నన్ను క్షమించు. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. నారు సీజన్ కావడంతో పెన్ను పట్టుకునే తీరికే దొరకలేదు. ఇక్కడ అందరం కులాసా. అమ్మకి మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి, చిన్నోడు ఏడో తరగతికి వచ్చాడు, జూన్ వచ్చినా ఎండలు తగ్గలేదు. మిగతా కబుర్లు తర్వాత. ఇది చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

ఆనందపురంలో మావయ్య నారు పెంచే పాలిథిన్ షెడ్డు ఉందిగా, ఆ పాలీహౌస్ కిటికీ తనంతట తనే తెరుచుకుంటోందిరా! కరెంటు లేదు, మోటారు లేదు, మనిషి లేడు.

మొదట్నుంచీ చెప్తాను. ఎండాకాలం లోపల కాలు పెట్టలేకపోతున్నాం, టమాటా నారు వాడిపోతోంది. ఓ ఏజెంటు వచ్చి ఫ్యాన్లూ తడి ప్యాడ్లూ పెట్టించుకోమన్నాడు. మావయ్య అడ్వాన్సు ఇవ్వబోతుంటే నేను అడ్డుపడ్డాను. తడి ప్యాడ్ మీదుగా గాలిని లాగితే నీళ్లు ఆవిరై గాలి చల్లబడుతుంది, నిజమే. కానీ గాలిలో ముందే తేమ నిండి ఉంటే నీళ్లు ఎంతని ఆవిరవుతాయి? అనంతపురంలో 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉంటే ఆ ప్యాడ్లు గాలిని 26 దాకా దించుతాయి. మన దగ్గర 34 డిగ్రీలు, 70 శాతం తేమ అనుకో, ఎంత గింజుకున్నా 30. ఆ నాలుగు డిగ్రీల కోసం పగలంతా ఫ్యాన్లూ పంపూ తిరగాలి. పైగా లోపల చెమ్మ పెరిగితే నారుకుళ్లు తెగులు.

మన తీరంలో వేడిని అసలు లోపలికి రానివ్వకూడదు. వచ్చింది వచ్చినట్టు పైనుంచి పోవాలి. నీడనిచ్చే షేడ్ నెట్‌ని పాలిథిన్‌కి లోపల కాకుండా బయట, కాస్త ఎడం ఉంచి కట్టించాను. లోపల కడితే నెట్ తాగిన ఎండంతా లోపలే వదులుతుంది. ఆ తర్వాత కప్పు శిఖరం మీద పొడవాటి కిటికీ. దాని మూత గాలి కొట్టే వైపు కాకుండా అవతలి వైపుకి తెరుచుకోవాలి. అప్పుడు సముద్రం గాలి కప్పు మీదుగా పోతూ లోపలి వేడిని లాగేస్తుంది.

మరి రోజూ నిచ్చెనెక్కి దాన్ని తెరిచేదెవరు? మావయ్యకా వయసు లేదు. అప్పుడు తెప్పించాం ఈ మైనం గొట్టాన్ని. జానెడు గొట్టం, దాన్నిండా మైనం. వేడికి మైనం కరిగి ఉబ్బి ఓ కడ్డీని బయటికి తోస్తుంది, కడ్డీ మూతని లేపుతుంది. సాయంత్రం చల్లబడి మైనం గడ్డకడితే స్ప్రింగు మూతని కిందికి లాగేస్తుంది. అంతే!

బిగించిన మర్నాడు పొద్దున్నే నిచ్చెన మీద, దాని పక్కనే నిలబడ్డాను. చాలాసేపు ఏమీ లేదు. కింద మావయ్య "వచ్చిందా? వచ్చిందా?" అని ఒకటే గోల. అప్పుడు ఆ మెరిసే కడ్డీ గోరంత జరిగింది. మూతకీ ఫ్రేముకీ మధ్య సన్నటి వెలుగు గీత. ఎండెక్కుతున్న కొద్దీ వేలు దూరేంత, తర్వాత బెత్తెడు. నా చెంపల మీదుగా వేడిగాలి బయటికి పరిగెత్తడం తెలుస్తోంది. ఒరేయ్, ఆ క్షణంలో నువ్వక్కడ లేకపోతివి.

ఒక్కటే నన్ను భయపెడుతోంది. 2014 అక్టోబర్ 12 మర్చిపోతామా? హుద్‌హుద్‌కి మావయ్య పాత షెడ్డులో గుంజలు తప్ప ఏమీ మిగల్లేదు, అత్తయ్య వారం రోజులు సరిగా మాట్లాడలేదు. మైనానికి వేడే తెలుసు, గాలివాన తెలీదు. అందుకని తుఫాను కబురు రాగానే కడ్డీని మూతకి కలిపే పిన్ను లాగేసి మూతని గొళ్లేలతో బిగించే ఏర్పాటు చేశాం.

ఇప్పుడు నీ సంగతి. మీ పాడేరులో బాధ చలికాలం రాత్రులు కదా. హీటర్ జోలికి పోకు. 200 లీటర్ల డ్రమ్ములకి నల్లరంగు పూసి, నీళ్లు నింపి, ఎండ పడేలా ఉత్తరం గోడ పక్కన నిలబెట్టు. పగలు వేడెక్కిన నీళ్లు రాత్రి 30 నుంచి 20 డిగ్రీలకి దిగితే ఒక్కో డ్రమ్ము రెండు యూనిట్ల కరెంటుకి పైగా వేడి ఇస్తుంది, పైసా ఖర్చు లేకుండా. నాలుగు డ్రమ్ములైతే తొమ్మిది యూనిట్లు! కిటికీలు మాత్రం పొద్దు వాలకముందే మూసెయ్యాలి.

ఇంకోటి, మూడు మీటర్ల లోతున నేల ఏడాదంతా దాదాపు ఒకే వేడిలో ఉంటుంది. అక్కడ గొట్టాలు పాతి, చిన్న సోలార్ ఫ్యాన్‌తో గాలిని తిప్పితే మీ దగ్గర చలికి... ఉండు, గొట్టంలో చెమ్మ పడుతుంది కాబట్టి వాలు కూడా చూసుకోవాలి, అది బొమ్మ గీసి పంపాలి.

మావయ్య కింద ఆటో హారన్ కొడుతున్నాడు, నారు ట్రేలు ఎక్కించాలి. డ్రమ్ములు ఇప్పుడే బేరం చెయ్, చలి మొదలయ్యాక రేటు పెంచేస్తారు. ఉంటా.

నీ
వాసు